పేస్‌మేకర్ పెట్టిన చోట తగ్గని నొప్పి: చేతిని కదల్చాలా, కట్టడిలోనే ఉంచాలా?

ప్రశ్న (ఒక కుమార్తె, గుంటూరు)

మా అమ్మగారి వయసు 68. గుండె పై గదుల నుంచి కింది గదులకు సంకేతం అందడం పూర్తిగా ఆగిపోవడంతో పేస్‌మేకర్ అమర్చారు. ఇప్పుడు నాలుగో నెల నడుస్తోంది. గాయం మానింది, మిషను చక్కగా పనిచేస్తోందని పరీక్షలో చెప్పారు. అయినా ఎడమ కాలర్ ఎముక కింద, మిషను అంచు తగిలే చోట నొప్పి పోలేదు. ఈ మధ్య అది భుజంలోకి పాకి, రాత్రిళ్లు మోచేతి దాకా దిగుతోంది. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఆ చెయ్యి పైకెత్తవద్దన్నారు. అమ్మ నేటికీ ఆ మాటే పాటిస్తోంది. జడ నేను వేస్తాను, జాకెట్టు నేను తొడుగుతాను. వైరు ఊడితే ప్రాణం మీదికి వస్తుంది కనుక నొప్పి ఓర్చుకోవడమే మేలని మా పెదనాన్నగారు అంటున్నారు. నూనె మర్దన చేసి, కరెంటు పెట్టిస్తే తగ్గుతుందని మా మేనత్తగారి మాట. వీరిలో ఎవరి మాట వినాలి?

సమాధానం (విశ్రాంత ఉపాధ్యాయులు, పేస్‌మేకర్ ఉన్నవారు)

మీ పెదనాన్నగారి జాగ్రత్తను తేలికగా తీసుకోకండి, అమ్మా. పేస్‌మేకర్ అంటే చర్మం కింద కనిపించే చిన్న మిషను ఒక్కటే కాదు. దాని నుంచి సిర గుండా గుండెలోకి దిగిన వైరు మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. మొదటి వారాల్లో ఆ వైరు కొస జరిగితే కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, ఒక్కొక్కసారి ఆగని వెక్కిళ్లు రావచ్చు. ఆ తరువాత కూడా, భుజానికి పదేపదే బలమైన శ్రమ పెడితే కాలర్ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య వైరు నలిగి దెబ్బతినే అవకాశం ఉంది. భుజం నొప్పి బాధ పెడుతుంది, నిజమే. కానీ వైరు దెబ్బతింటే మళ్లీ ఆపరేషను బల్ల ఎక్కాలి. ఈ రెండింటిలో ఏది భరించదగినదో మీరే ఆలోచించండి.

సమాధానం (ఫిజియోథెరపిస్టు, హైదరాబాదు)

మాస్టారూ, మీరు చెప్పిన ప్రమాదాలు రెండూ నిజమే. అయితే మొదటిది మొదటి వారాలకు చెందినది, రెండోది బరువైన, ఎడతెగని శ్రమకు చెందినది. నాలుగో నెలలో ఒక తల్లి తన జడ తాను వేసుకోవడం ఈ రెండింటిలో దేని కిందికీ రాదు.

ఆస్పత్రులు చేతిని భుజం కంటే పైకి ఎత్తవద్దని సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల వరకే చెబుతాయి. ఆ లోపు వైరు కొస చుట్టూ గుండె కండరంలో కణజాలం అల్లుకుని దాన్ని పట్టి ఉంచుతుంది. బ్రిటన్ జాతీయ ఆరోగ్య సేవ కూడా ఆ వారాల్లో ఉతికిన బట్టలు ఆరేయవద్దని, పై అరలోని వస్తువులు అందుకోవద్దని చెబుతూనే, భుజం పట్టేయకుండా చేతిని నెమ్మదిగా కదుపుతూ ఉండమంటుంది. మన ఇళ్లలో జరిగేది వేరు: "ఎత్తవద్దు" అన్న మాట ఇంటికి చేరుతుంది, "ఎప్పటి వరకు" అన్నది దారిలోనే పోతుంది. నా దగ్గరకు ఇలా చేతిని నెలల తరబడి ఒంటికి అదిమి పట్టుకున్నవారే ఎక్కువగా వస్తారు. వాళ్లలో చాలామందికి నొప్పి మిషను దగ్గర మొదలైనా, ఇప్పుడు ఉన్నది మాత్రం బిగిసిపోయిన భుజం కీలులో. షుగరు ఉన్నవారికి ఈ బిగువు ఇంకా త్వరగా వస్తుంది.

తేడా తెలుసుకోవడానికి అమ్మగారిని ఒకసారి గమనించండి. మోచేయి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పమనండి, ఆ తరువాత చెయ్యి వెనక్కి పెట్టి నడుము వెనక చీర మడత అందుకోమనండి. ఈ కదలికలు సగంలో ఆగిపోయి, అక్కడే నొప్పి పుడుతుంటే, ఆ వైపు పడుకుంటే రాత్రి మెలకువ వస్తుంటే, భుజం పట్టేసినట్టే అనుకోవచ్చు. చెయ్యి కదలకపోయినా మిషను అంచు మీద వేలు పెడితేనే నొప్పి పుడుతుంటే అది వేరే సంగతి. దాన్ని గుండె డాక్టరే చూడాలి.

మీ మేనత్తగారి సలహా మాత్రం దయచేసి పాటించవద్దు. మిషను మీద మర్దన చేస్తే అది తన గూటిలోనే తిరగబడి వైర్లు మెలిపడవచ్చు. రోగులు తెలియకుండా మిషనును తిప్పుకోవడం వల్ల ఇలా జరగడాన్ని వైద్యులు 1968లోనే వివరించారు. ఇక కరెంటు పెట్టడంలో షార్ట్‌వేవ్ డయాథర్మీ అనే పద్ధతి పేస్‌మేకర్ ఉన్నవారికి పూర్తిగా నిషిద్ధం, ఎందుకంటే ఆ శక్తి వైరు కొస దగ్గర వేడి పుట్టించి గుండె కండరాన్నే కాల్చవచ్చు. చర్మం మీద పట్టీలు అంటించి నొప్పి తగ్గడానికి సన్నని కరెంటు పంపే టెన్స్, ఐఎఫ్‌టీ వంటివి మిషను పనికి అడ్డు తగలవచ్చు. ఏ ఫిజియోథెరపీ కేంద్రానికి వెళ్లినా గుమ్మంలోనే "పేస్‌మేకర్ ఉంది" అని చెప్పాలి.

సమాధానం (గృహిణి, పేస్‌మేకర్ ఉన్నవారు, విజయవాడ)

మగవారికి తట్టని విషయం ఒకటి చెబుతాను. మన పైట పడేది ఎడమ భుజం మీదే, మిషను కూడా చాలామందికి ఎడమవైపే పెడతారు. పట్టుచీర పైట కుచ్చెళ్లు పెట్టి పిన్నీసు గుచ్చితే ఆ బరువంతా సరిగ్గా మిషను పై అంచు మీద పడుతుంది, లోపలి బాడీ పట్టీ కింది నుంచి ఒరుస్తుంది. నేను నూలు చీరలకు మారి, పిన్నీసును భుజం చివరికి జరిపి, పట్టీ కింద మెత్తని గుడ్డ మడత పెట్టుకున్నాక ఆ మంట బాగా తగ్గింది. కారు సీటు బెల్టుకు కూడా అలాగే చిన్న తువ్వాలు చుట్టి కూర్చుంటాను. సన్నగా ఉన్నవారికి చర్మం కింద కొవ్వు తక్కువ కాబట్టి ఈ ఒరిపిడి ఇంకా ఎక్కువ.

సమాధానం (విశ్రాంత ఉపాధ్యాయులు)

డయాథర్మీ సంగతి నాకు తెలియదు, చెప్పినందుకు కృతజ్ఞతలు. అయినా నా అభ్యంతరం నాకుంది. హైదరాబాదులో మీరు పక్కన నిలబడి చెయ్యి ఎంతవరకు లేపాలో చూపిస్తారు. పల్లెలో ఉన్న ముసలావిడకు "కదల్చు" అని చెబితే నీళ్ల బిందె ఎత్తుతుంది, బోరింగు కొడుతుంది. నొప్పి వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరకు వెళ్లి సూది వేయించుకుంటుంది. అలాంటి చోట కట్టడి వల్ల జరిగే నష్టమే తక్కువ కాదా?

సమాధానం (ఫిజియోథెరపిస్టు)

మీ భయం న్యాయమైనదే. కానీ దానికి విరుగుడు, చెప్పే మాటను స్పష్టంగా చెప్పడం. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడే ఫలానా తేదీ వరకు భుజం పైకి చెయ్యి ఎత్తవద్దని, ఆ తేదీ తరువాత జడ వేసుకోవచ్చని, బిందె విషయం డాక్టరును అడిగాకేనని తెలుగులో రాసి ఇవ్వాలి. కదలికకూ బరువుకూ తేడా చెబితే పల్లెలో ఆవిడకూ అర్థమవుతుంది.

ఆర్‌ఎంపీ సూది గురించి మీరన్నది మాత్రం అందరూ వినాలి. మిషను చుట్టూ చర్మం ఎర్రబడినా, వేడెక్కినా, వాచినా, పలచబడి మెరుస్తూ మిషనుకు అంటుకుపోయినట్టు కనిపించినా, చీము వచ్చినా, తగ్గిన నొప్పి నెలల తరువాత కొత్తగా మొదలైనా, పేస్‌మేకర్ పెట్టిన ఆస్పత్రికే వెళ్లాలి. ఏడాది దాటాక కూడా ఇన్ఫెక్షను రావచ్చు, పైకి నొప్పి ఒక్కటే కనిపించవచ్చు. అక్కడ సూదితో నీరు తీయకూడదు, తీస్తే లేని క్రిమి లోపలికి పోతుంది. మిషను గూటిలో ఇన్ఫెక్షను నిర్ధారణ అయితే మాత్రలతో సరిపోదు, మిషనుతో పాటు వైర్లు కూడా తీయవలసి వస్తుంది. ముందే యాంటీబయాటిక్ వాడితే రక్తపరీక్షలో క్రిమి దొరకకుండా పోయే ప్రమాదం ఉంది. నొప్పికి పారాసెటమాల్ సాధారణంగా సరిపోతుంది. డైక్లోఫినాక్, ఐబూప్రొఫెన్ సొంతంగా కొనుక్కోవద్దు. రక్తం పలచబడే మందు వాడేవారికి, కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి, గుండె వైఫల్యం ఉన్నవారికి వాటి వల్ల కీడు జరుగుతుంది.

ప్రశ్న వేసిన కుమార్తె

అమ్మను మోచేయి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పమని చూశాను. కొద్దిగా తిరిగి ఆగిపోయింది, అక్కడే నొప్పి అంది. మిషను మీద చర్మం మామూలుగానే ఉంది, కానీ కింది అంచు దగ్గర నొక్కితే ఉలిక్కిపడింది. అందుకని ముందు గుండె డాక్టరుకు చూపించి, వైరు పరీక్ష చేయించి, ఎంత ఎత్తు వరకు, ఎంత బరువు వరకు అనుమతో కాగితం మీద రాయించుకుని, ఆ కాగితంతోనే ఫిజియోథెరపీకి తీసుకెళతాను. మర్దన ఆపించాను.

సమాధానం (విశ్రాంత ఉపాధ్యాయులు)

ఆ క్రమం నాకు సమ్మతమే. తేదీ రాసివ్వాలన్న మాట కూడా ఒప్పుకుంటున్నాను. అయితే బిందె ఎత్తడం, బోరింగు కొట్టడం ఆ తేదీ తరువాత కూడా ఎడమ చేత్తో వద్దనే అంటాను. ఈ విషయంలో మీ డాక్టరు ఏం చెప్పారో ఇక్కడ రాయండి, అమ్మా.