ఆరాధన ఒంటిగంట దాటుతోంది, ఇళ్లకు వెళ్లి పలకరించేవాళ్లు లేరు: మా సంఘానికి ఏం చెప్పమంటారు?

పొదిలి సోదరి:

అందరికీ వందనాలు. పొదిలి దగ్గర ఒక పల్లెలో మాది డెబ్భై గడపల బాప్టిస్టు సంఘం. సంఘం లెక్కలు నేను రాస్తాను. ఈ సంవత్సరం ఖర్చులు పోను కానుకల్లో లక్షా ఇరవై వేలు మిగిలాయి. మాకు ఇది పెద్ద డబ్బే. దాన్ని దేనికి వాడాలన్న దగ్గర కమిటీలో పేచీ వచ్చింది.

యవ్వనస్తులు కొత్త మిక్సరు, కీబోర్డు, స్పీకర్ బాక్సులు కావాలంటున్నారు. పాత సెట్టు వాక్యం మధ్యలో కీచుమంటుంది కాబట్టి వాళ్లు అడగడంలో న్యాయముంది. పెద్దలు మార్చిలో మూడు రాత్రులు సువార్త కూటాలు పెట్టాలంటున్నారు. షామియానా, లైట్లు, బయటి నుంచి వచ్చే ప్రసంగీకుల దారి ఖర్చు, భోజనాలు, కరపత్రాలు అన్నీ కలిపితే ఉన్నదంతా దానికే సరిపోతుంది. స్త్రీల సమాజం మాత్రం మంచాన పడ్డవాళ్ల కోసం, ఇంటింటి ప్రార్థనల కోసం కొంత తీసి పెట్టమంటోంది. కానీ మా సంఘంలో స్త్రీలకు ఓటు లేదు. లెక్కలు చదివి వినిపించే నాకూ లేదు.

నా బాధ డబ్బు గురించి కాదు. ఆరాధన పదింటికి మొదలై ఒంటిగంటన్నర దాకా సాగుతోంది. నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం, చివర్లో ఉంటుంది. పొగాకు గ్రేడింగు సీజన్లో మధ్యాహ్నం పనికి పోవాల్సిన ఆడవాళ్లు బల్ల తీసుకోకుండానే చెప్పులేసుకుని వెళ్లిపోతున్నారు. ఫిబ్రవరి వస్తే చాలా కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు పోతాయి, ముసలివాళ్లు ఇళ్లలో మిగిలిపోతారు. పోయిన ఏడాది అలా ఒంటరిగా ఉన్న ఒక అవ్వ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్లింది పక్కింటి ముస్లిం కుటుంబం. మాకు ఆదివారం ప్రకటనల్లో గానీ తెలియలేదు. ఆ రోజు పాటలు చాలా బాగా పాడారు. నాకు మాత్రం నోరు పెగల్లేదు.

ఆరాధన, సహవాసం, సువార్త, ఈ మూడూ మీ సంఘాల్లో ఎలా నడుపుకుంటున్నారు?

ఒంగోలు, రిటైర్డ్ టీచర్:

అమ్మా, వందనాలు. ముందు ఒక మాట. సగం ఊరు కోతలకు పోయిన మార్చిలో కూటాలు పెడితే ఆ షామియానా కింద కూర్చునేదెవరు? మీ పెద్దల్ని ఈ ప్రశ్న తప్పకుండా అడగండి.

మన ప్రాంతంలో సువార్త ఎలా పాకిందో కూడా వాళ్లకు గుర్తు చేయండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్లు ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఉన్నది ఐదుగురే. అప్పటికి ఒంగోలులో సంఘమే లేదు. అదే మిషను వారైన క్లౌ దొర 1866లో ఇక్కడికి వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం కట్టారు. తాళ్లకొండపాడు యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మనిషి. తనకు దొరికిన విశ్వాసాన్ని ముందు తన వాళ్లకే, తనను ఎరిగిన పల్లెలకే చెప్పుకున్నాడు.

తర్వాత 1876లో ధాత కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి దొరికేలా చేశారు. మన బోధకులు ఆ కాలువ గట్టు మీదే కూలీలతో కూర్చుని వాళ్ల కష్టం విన్నారు, ప్రభువు మాట చెప్పారు. కరువు పని నడిచినంత కాలం బాప్తిస్మాలు మాత్రం ఇవ్వలేదు. కూటి కోసం చేరారన్న మాట ఎవరి మీదా పడకూడదని ఆపారు. కాలువ పని అయిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ లెక్కను మనం జూబ్లీలలో గొప్పగా చెప్పుకుంటాం. దానికి ముందు జరిగిన కాలువ గట్టు పని గురించి మాత్రం చెప్పుకోం. నాకది చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం కమిటీలో చదివించండి. అనుదిన పరిచర్యలో విధవరాండ్రను చిన్నచూపు చూశారని సణుగు పుడితే, అపొస్తలులు ప్రార్థననూ వాక్యాన్నీ వదులుకోలేదు, విధవరాండ్రనూ వదిలేయలేదు. ఆ పనికి ఏడుగురిని ఏర్పరిచారు. వాక్యం ప్రబలమైందనే మాట ఆ తర్వాత 7వ వచనంలో వస్తుంది. ఆరాధనకు ఆదివారం ఉంది. కూటాలకు పోస్టరు ఉంది. సహవాసానికే ఒక రోజంటూ, ఒక బాధ్యుడంటూ ఉండరు. అందుకే మొదట ఎండిపోయేది అదే.

మీ పల్లెను వీధుల వారీగా పంచుకోండి. పది ఇళ్లకు ఇద్దరు చొప్పున బాధ్యత తీసుకోవాలి. కోతలకు పోయేవాళ్లు వెళ్లేముందు తమ ముసలివాళ్ల పేరు, మందులు, పిల్లల ఫోన్ నంబరు సంఘం పుస్తకంలో రాయించి పోవాలి. రోజూ ఎవరో ఒకరు ఆ గడప తొక్కాలి. దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు, ఆటో కిరాయికి, మందులకు కొంత ఉంటే చాలు. ఆ ముస్లిం కుటుంబానికి మీ పెద్దలు స్వయంగా వెళ్లి కృతజ్ఞత చెప్పారా? చెప్పకపోతే ఈ వారమే వెళ్లమనండి.

కావలి, కీబోర్డు వాయిస్తాను:

అక్కా, టీచర్ గారు చెప్పింది నిజమే. కానీ యవ్వనస్తులను ఖర్చు మనుషుల్లా చూడొద్దని నా మనవి. చదువుకుని ఊరు విడిచే వయసులో నన్ను సంఘంలో నిలబెట్టింది ఆ వాయిద్యమే. వెనక కూర్చున్న పెద్దవాళ్లకు వాక్యం వినపడకపోతే అదీ లోటే కదా.

అయితే కొత్త సెట్టే కొననక్కర్లేదేమో. బాక్సులు మైకుల వెనక ఉంటే ఆ కీచుమనే శబ్దం వస్తుంది. వాటిని మైకుల కంటే ముందుకు జరిపి, మొహం జనం వైపు తిప్పండి. వైర్లు, పిన్నులు మార్పించండి. చాలావరకు తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు మిక్సరు చూద్దురు గాని.

సమయం సంగతి పాటలు పాడే మేమే చూసుకోవాలి. ఒక్కో పల్లవిని పదిసార్లు తిప్పడం మానితేనే బోలెడు సమయం మిగులుతుంది. ప్రకటనలు ఆఖరుకు పెట్టి, ప్రభువు బల్లను ప్రసంగం అవగానే పెట్టమని మీ పాస్టరు అయ్యగారిని అడగండి. మీ పిల్లలను డోలక్, కంజీరతో మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకు తీసుకెళ్లండి. ఆ అవ్వ మంచం పక్కన కూర్చుని ఆమెకు వచ్చిన పాత కీర్తన పాడితే అదీ ఆరాధనే.

చీమకుర్తి బ్రదర్:

నేను గ్రానైట్ క్వారీలో పని చేస్తాను. కూటాలను మరీ తీసేయకండి సిస్టర్. మా ఇంట్లో ఎవరూ విశ్వాసులు కాదు. నేను ప్రభువును తెలుసుకున్నది అలాంటి రాత్రి కూటంలోనే, రోడ్డు మీద నిలబడి విని. ఇంటింటికీ తిరిగేవాళ్లు మా వీధికి ఎప్పుడూ రాలేదు, ఎందుకంటే అక్కడ సంఘస్థులు ఎవరూ లేరు. సహవాసం మనవాళ్ల దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

మే నెలలో పెట్టుకోండి. కోతలకు పోయినవాళ్లు తిరిగొస్తారు, పిల్లల వీబీఎస్ (వేసవి సెలవుల బైబిలు తరగతులు) కూడా అప్పుడే. ప్రసంగీకులు బయటి నుంచే రావాలని ఏముంది? మీలో సాక్ష్యం ఉన్నవాళ్లు లేరా? ఇంకొకటి, మందులు, బియ్యం ఇచ్చేటప్పుడు చేతిలో కరపత్రం పెట్టొద్దు. తీసుకునేవాళ్ల మనసు చిన్నబోతుంది.

పొదిలి సోదరి:

అందరికీ వందనాలు. అయ్యగారితో మాట్లాడాను. వచ్చే మొదటి ఆదివారం నుంచి ప్రభువు బల్ల ప్రసంగం అవగానే పెడతామన్నారు. బాక్సులు జరిపి చూశాం, తేడా తెలుస్తోంది. వైర్లు మార్చాలి.

కమిటీ ముందు ఇలా పెడుతున్నాను: సౌండుకు పదిహేను వేలు, మంచాన ఉన్నవాళ్ల నిధికి నలభై వేలు, మేలో ఒక్క రాత్రి కూటానికి ముప్ఫై వేలు, మిగతాది బ్యాంకులో. చీమకుర్తి అన్న చెప్పింది విన్నాక మా వాళ్లు ఎవరూ లేని రెండు వీధులను కూడా పుస్తకంలో చేర్చాను. పక్కింటి ముస్లిం కుటుంబం దగ్గరికి పెద్దలు ఇద్దరు వెళ్లొచ్చారు.

ఒకటి మిగిలింది. వీధుల బాధ్యత తీసుకుంటామని ముందుకొచ్చింది దాదాపు అందరూ స్త్రీలే. వాళ్ల నిధి మీద వాళ్లకే మాట లేకపోతే ఇది ఎంతకాలం సాగుతుంది? స్త్రీలకు కమిటీలో ఓటిచ్చిన పల్లె సంఘాలు ఉంటే, సర్వసభ్య సమావేశంలో ఆ తీర్మానం ఎలా పెట్టారో దయచేసి రాయండి.