ఒంటరిగా కూర్చుని ఆలోచిస్తే మనలో దాగిన సత్తా తెలుస్తుందా?

తిరుచానూరు అక్క:
మా తమ్ముడు డిగ్రీ పూర్తిచేసి తిరుపతిలో గ్రూప్-2 కోచింగ్‌కు వెళ్తున్నాడు. ఉన్నట్టుండి అది మానేస్తానంటున్నాడు. "నేను దేనికి పనికొస్తానో నాకే తెలియడం లేదు. కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా నన్ను నేను పరిశీలించుకుంటాను, ఆ తర్వాతే దారి ఎంచుకుంటాను" అని పట్టుబట్టాడు. నాన్న ససేమిరా అంటున్నారు. పనిలో దిగితే గాని మనిషి సంగతి బయటపడదని ఆయన వాదన. వాడు పని తప్పించుకునే రకం కాదు, ఆ సంగతి నాకు తెలుసు. అందుకే అడుగుతున్నాను. లోపలికి చూసుకుంటే మనకే తెలియని శక్తి నిజంగా తెలిసివస్తుందా?

చంద్రగిరి విశ్రాంత ఉపాధ్యాయుడు:
తెలియదమ్మా. మీ నాన్నగారి వైపే నేనూ. కిష్కింధకాండ చివర వానరులంతా సముద్రం ఒడ్డున చేరి ఎవరు ఎంత దూరం దూకగలరో చెప్పుకుంటారు. ఒకరు పది యోజనాలంటారు, ఒకరు ఇరవై అంటారు. అంగదుడు నూరూ దూకగలను గాని తిరిగి రాగలనో లేదో అని సందేహిస్తాడు. హనుమంతుడు మాత్రం ఒక పక్కన మౌనంగా కూర్చుని ఉంటాడు. లోపలికి చూసుకోవడమే చాలితే ఆ మౌనంలోనే ఆయనకు తన బలం తెలిసి ఉండాలి. జాంబవంతుడు పుట్టుక మొదలుకొని చెప్పుకొస్తే గాని తెలియలేదు. అంజనాద్రి నీడలో ఉన్న మనకు ఈ కథ కొత్త కాదు.

తరగతి గదిలోనూ నేను ఇదే చూశాను. లెక్కల్లో చురుకైన పిల్లవాడికి తాను చురుకని తెలియదు, అందరికీ అలాగే వస్తుందనుకుంటాడు. సులువుగా వచ్చే పనిని ఎవరూ తమ ప్రతిభగా లెక్కపెట్టుకోరు. బయటివాళ్లు గుర్తించి చెప్పాలి. మీ తమ్ముణ్ణి గదిలో కూర్చోబెట్టకండి, అతనికి చదువు చెప్పినవాళ్ల దగ్గరికి పంపండి.

మనస్తత్వశాస్త్ర విద్యార్థిని, తిరుపతి:
సార్, జాంబవంతుడు అందరికీ దొరకడు. తరిగొండ వెంగమాంబను తలుచుకోండి. 18వ శతాబ్దంలో, చిన్నతనంలోనే పెళ్లి, వైధవ్యం. చుట్టూ ఉన్నవాళ్లు ఆమెకు గుర్తుచేసింది ఆమె శక్తినా? బొట్టు తీసెయ్యమన్నారు, తల గొరిగించుకోమన్నారు. ఊరి మాటే తన కొలత అనుకుని ఉంటే వేంకటాచల మాహాత్మ్య కావ్యం పుట్టేది కాదు, ఈనాటికీ తిరుమల ఏకాంతసేవలో ఆమె పేరిట ముత్యాల హారతి ఉండేది కాదు. ధ్యానంలో గడిపిన ఏకాంతమే ఆమెను నిలబెట్టిందని నా నమ్మకం. మన ఇళ్లలో ఇవాళ్టికీ ఆడపిల్లలకు 'నీ వల్ల కాదు' అని చెప్పేవాళ్లే ఎక్కువ. అలాంటప్పుడు బయటివాళ్ల మాట వినమనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

లోపలి చూపు అన్నింటికీ సరిపోతుందని మాత్రం అనను. సిమీన్ వజీర్ అనే శాస్త్రవేత్త 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఆందోళన, ఆత్మగౌరవం లాంటివి మనకే బాగా తెలుస్తాయనీ, తెలివితేటలు, సృజన లాంటివాటిని మనకంటే స్నేహితులే సరిగ్గా అంచనా వేస్తారనీ తేలింది. పరీక్ష పేరెత్తితే గుండె జారుతోందా, లేక ఆ ఉద్యోగమే వద్దనిపిస్తోందా అన్నది తమ్ముడు తప్ప ఇంకెవరూ చెప్పలేరు. అతనికి ఆ ఏకాంతం ఇవ్వండి.

శ్రీకాళహస్తి కలంకారీ:
ఇద్దరూ మనిషి గురించే మాట్లాడుతున్నారు, చేసిన పని మాట ఎవరూ ఎత్తలేదు. మా పని చెబుతాను. బట్టను కరక్కాయ పొడి కలిపిన పాలలో తడిపి ఆరబెడతాం. పాలలో కొవ్వు ఉంటుంది కాబట్టి గీత పక్కకు పాకదు. చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో ముందు బొమ్మ గీసుకుంటాం. తర్వాత కలం పడతాం. వెదురుపుల్ల మొన చెక్కి, పైన ఉన్ని చుట్టి దారంతో కడతాం. ఆ ఉన్నిని వేళ్లతో నొక్కితే కసిమి అనే రంగునీరు మొనకు దిగుతుంది. ఇనుపముక్కలూ బెల్లమూ రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి చేసే ఆ కసిమి గీసేటప్పుడు పలచగానే ఉంటుంది, బట్టలోని కరక్కాయతో కలిశాకే నల్లబడుతుంది. ఇక చెరపడం కుదరదు. ఎంత ఒత్తాలో వేలికి తెలియాలి, ఒక పిసరు ఎక్కువైతే గీత మధ్యలో బొట్టు పడుతుంది.

చేరిన కొత్తలో నాకు రంగులు నింపడమంటే ప్రాణం. ఒకసారి అంతవరకు చేసిన గుడ్డలన్నీ నేలమీద పరిచి, వేరేవాళ్ల పని చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను. రంగులు అందరివిలాగే ఉన్నాయి. కళ్లూ కనుబొమలూ మాత్రం ప్రతి గుడ్డమీదా తడబాటు లేకుండా ఒక్క ఊపులో వచ్చాయి. ఆ రోజు నుంచి ముఖాలు రాయడం మీదే మనసు పెట్టాను. ఆ మాట మా గురువుగారు చెప్పలేదు, ఆయన ఎవరినీ పొగడరు. ఒట్టి చేతులతో కళ్లు మూసుకుని కూర్చున్నా తెలిసేది కాదు.

అక్కా, మీ తమ్ముడి ముందు ఏముంది? మార్కుల కాగితాలు కాకుండా తన చేత్తో పూర్తిచేసిన పని ఏదైనా ఉందా? లేకపోతే ఆ గదిలో అతనికి వినిపించేవి ఇంట్లోవాళ్లూ బంధువులూ అతని గురించి అన్న మాటలే. వాటినే తన అంతరంగం అనుకుంటాడు. నా భయమంతా దాని గురించే.

చిత్తూరు బ్యాంకు ఉద్యోగి:
చేసిన పనిని ముందు పెట్టుకుని చూడాలన్న మాటతో నేను ఏకీభవిస్తాను. మేనేజ్‌మెంట్ నిపుణుడు పీటర్ డ్రక్కర్ చెప్పిన పద్ధతీ ఇలాంటిదే. ఒక ముఖ్యమైన నిర్ణయం తీసుకున్నప్పుడు ఏం జరుగుతుందని ఆశిస్తున్నామో రాసిపెట్టుకోవాలి. తొమ్మిది నెలలకో ఏడాదికో జరిగినదానితో సరిచూడాలి. మన బలం ఎక్కడుందో అందులో తేలుతుంది.

మనస్తత్వశాస్త్ర విద్యార్థిని, తిరుపతి:
కలంకారీ అక్కా, మీ మాట ఒప్పుకుంటాను, దానికి ఒకటి కలుపుతాను. 1993లో తిమోతీ విల్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం విద్యార్థులను తలొక పోస్టర్ ఎంచుకుని ఇంటికి తీసుకెళ్లమంది. కారణాలు విశ్లేషించుకుని ఎంచుకున్నవాళ్లే కొన్ని వారాల తర్వాత తమ ఎంపికతో తక్కువ తృప్తిగా ఉన్నారు. 'నేను ఎందుకు ఇలా ఉన్నాను' అని తవ్వుకుంటూ పోతే మాటల్లో పెట్టడానికి వీలైన కారణాలే చేతికొస్తాయి, అసలువి కాకపోవచ్చు. తమ్ముడు 'ఎందుకు' అన్న ప్రశ్న పక్కనపెట్టి 'ఏ పని చేస్తుంటే నాకు వేళ తెలియలేదు' అని తనను తాను అడగడం మంచిది.

చంద్రగిరి విశ్రాంత ఉపాధ్యాయుడు:
గుడ్డలు పరిచి చూసింది ఆ తల్లే, నిజమే. ఏ గీత నిక్కమైనదో పోల్చుకునే చూపు మాత్రం గురువు దగ్గర పనిచేయబట్టే వచ్చింది. దాన్ని మరవకండి.

తిరుచానూరు అక్క:
ఇవన్నీ తమ్ముడికి చదివి వినిపించాను. కలంకారీ అక్క ప్రశ్న దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. కోచింగ్‌లో విరామం ఇచ్చినప్పుడు తోటివాళ్లు లెక్కలు చెప్పించుకోవడానికి తన చుట్టూ చేరతారట, ఇన్నాళ్లూ ఆ మాట మాతో అనలేదు. ఉదయం కోచింగ్ మానడు, సాయంత్రం మా వీధి పిల్లలకు లెక్కలు చెబుతాడు, ఏ రోజు ఏం జరిగిందో నోటుపుస్తకంలో రాస్తాడు. సంక్రాంతికి ఆ పుస్తకం ముందు పెట్టుకుని మాట్లాడుకుందామన్నాడు. నాన్న సరేనన్నారు గాని, పుస్తకం తాను కూడా చూస్తానంటున్నారు. చూడనివ్వాలా?

మనస్తత్వశాస్త్ర విద్యార్థిని, తిరుపతి:
వద్దు. నాన్నగారు చదువుతారని తెలిస్తే ఆయనకు నచ్చేదే రాస్తాడు.

శ్రీకాళహస్తి కలంకారీ:
పుస్తకం అతని దగ్గరే ఉంచండి. నాన్నగారిని ఒక సాయంత్రం వచ్చి, పిల్లల వెనక కూర్చుని పాఠం వినమనండి.