1/72 హరికేన్: రౌండెల్ కింద వెండి మెరుపు, రెక్క మీద పాలపొర

ప్రశ్న (విశాఖపట్నం నుంచి)

నమస్కారం. 1944లో అర్జన్ సింగ్ గారి నాయకత్వాన ఇంఫాల్‌లో పోరాడిన మన వైమానిక దళ నంబర్ 1 స్క్వాడ్రన్ హరికేన్ యుద్ధవిమానం నమూనాను 1/72 స్కేలులో (అసలు విమానంలో 72వ వంతు) కడుతున్నాను. ఇది నా మూడో కిట్. భాగాలు అతకడం, సందులు పూడ్చడం, రంగులు వేయడం సవ్యంగానే సాగాయి. ముదురు ఆకుపచ్చ, మట్టిరంగు మ్యాట్ (మెరుపులేని) పెయింట్లు ఆరిన మర్నాడు వాటి మీదనే నేరుగా డెకాల్స్ (విమానపు గుర్తులున్న పలచటి అంటింపు బొమ్మలు) అతికించాను. ఆరాక చూస్తే రౌండెళ్ల (వైమానిక దళపు గుండ్రటి గుర్తుల) అంచున ఉన్న పారదర్శకమైన పొర కింద వెండి పొడి చల్లినట్టు మెరుపు కనిపిస్తోంది. వాటిని కాపాడుకుందామని మొన్న ముసురు పట్టిన రోజున కుడి రెక్క మీద ల్యాకర్ వార్నిష్‌ను ఎయిర్‌బ్రష్‌తో కొట్టగా, నిమిషాల్లో రెక్కంతా పాలపొర కమ్మినట్టు తెల్లబడింది, వెంటనే ఆపేశాను. రెండింటికీ కారణం ఒకటేనా? రంగంతా తీసేసి మళ్లీ మొదలుపెట్టక తప్పదా? చివర్లో విమానమంతటా వెండి రంగుతో పెయింటు పెచ్చులూడినట్టు చూపించాలని కూడా ఉంది. దాని గురించీ చెప్పగలరు.

జవాబు 1 (హైదరాబాద్ నుంచి)

రెండూ వేర్వేరు సమస్యలు. దేనికీ రంగు తీయనక్కర్లేదు.

మ్యాట్ పెయింటు కంటికి నున్నగా కనిపించినా, నిజానికి గరుకు కాగితంలాగే ఎగుడుదిగుడుగా ఉంటుంది. డెకాల్ పొర ఆ మిట్టల మీద ఆనుకుని, పల్లాలలో గాలిని బంధిస్తుంది. ఆ గాలి వెలుతురును చెదరగొట్టడం వల్లనే మీకు వెండి మెరుపు కనిపిస్తోంది. సన్నని సూది మొనతో మెరుపున్న చోటల్లా పొరకు చిల్లులు పొడిచి, మైక్రో సోల్ వంటి డెకాల్ మెత్తబరిచే ద్రావణాన్ని కుంచెతో ఒక్క బొట్టు పెట్టండి. పొర ముడతలు పడుతుంది. అప్పుడు కంగారుపడి వేలు పెట్టకండి, ఆరేకొద్దీ అదే సర్దుకుని కిందికి అతుక్కుంటుంది. ఒక్కసారికి పోదు, మూడు నాలుగు విడతలు పట్టవచ్చు. కుడి రెక్క మీద ఇప్పటికే వార్నిష్ ఉంది గనుక అక్కడ ఇంకా ఓపిక కావాలి.

పాలపొరకు కారణం తేమ. ల్యాకర్‌లోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ రెక్కను చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలోని ఆవిరి నీరై వార్నిష్‌లో చిక్కుకుంటుంది. ముసురులో, అందులోనూ సముద్రపు ఒడ్డున, ఇది జరగకపోతేనే ఆశ్చర్యం. పొడిగా ఉన్న రోజున, లేదా గదిలో ఏసీని రెండు గంటలు నడిపించాక, నెమ్మదిగా ఆరే ల్యాకర్ థిన్నర్‌ను మాత్రమే పలచటి తుంపరగా కొట్టండి. వార్నిష్ కొద్దిగా కరిగి, తేమ బయటికి పోయి, మళ్లీ తేటపడుతుంది. ఆ థిన్నర్ ఎక్కువైతే డెకాల్‌ను కూడా తినేస్తుంది గనుక, ముందుగా ఒక పనికిరాని ముక్క మీద మిగిలిన డెకాల్ అతికించి పరీక్షించండి.

వచ్చే మోడల్‌కు మాత్రం రంగు మీద మెరుపు వార్నిష్ వేసి, ఒక రోజు ఆగి, డెకాల్స్ అతికించి, చివరిగా మ్యాట్ వార్నిష్ వేయండి.

జవాబు 2 (గుంటూరు నుంచి)

పెచ్చుల విషయంలో మాత్రం దయచేసి తొందరపడకండి. హరికేన్ ఫ్యూజలాజ్‌లో (విమానం మొండెంలో) కాక్‌పిట్ వెనుక భాగమంతా లోహపు గొట్టాల చట్రం మీద చెక్క పట్టీలు అమర్చి, వాటిపై గుడ్డ కప్పి కట్టినది. కిట్‌లో మీకు పొడవునా కనిపించే గీతలు ఆ పట్టీలవే. అక్కడ పెయింటు ఊడినా అల్యూమినియం బయటపడే ప్రసక్తే లేదు. తోకలోని కదిలే భాగాలదీ అంతే. ఎంతో శ్రమించి కట్టిన హరికేన్లకు వెనుక భాగంలో వెండి చుక్కలు పెట్టడం చూసినప్పుడల్లా మనసుకు బాధ కలుగుతుంది. మెకానిక్కులు కాళ్లు పెట్టే రెక్క మొదళ్ల మీద, తరచూ విప్పే ఇంజిన్ మూతల అంచుల మీద కొద్దిగా చూపిస్తే చాలు.

ఇంకొకటి. మీ డెకాల్స్‌లో రౌండెల్ మధ్య ఎర్ర చుక్క ఉందా? జపాన్ విమానాల ఎర్ర సూర్యబింబంతో పొరబడకుండా బర్మా యుద్ధరంగంలో రౌండెళ్లలోని ఎరుపును తీసేసి, ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. ఇంఫాల్ విమానానికి అదే తగినది. ఢిల్లీ వెళ్లే పని ఉంటే పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో అసలైన హరికేన్‌ను ఒకసారి చూడండి.

జవాబు 3 (బెంగళూరు నుంచి)

మెరుపు వార్నిష్ ప్రతిసారీ అవసరమన్న మాటతో నేను ఏకీభవించలేను. 40 అడుగుల రెక్కల విమానం ఈ స్కేలులో 17 సెంటీమీటర్లు. 0.05 మిల్లీమీటర్ల మందం పూత అసలు విమానం మీద 3.6 మిల్లీమీటర్లతో సమానం. గుడ్డ కింది పట్టీలన్నీ దానిలో మునిగిపోతాయి. బాగా ఆరిన రంగును తడిపిన, చాలా సన్నని గరుకున్న సాండింగ్ స్పాంజితో మెల్లగా రుద్దినా డెకాల్ అతుకుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఎడమ రెక్క రౌండెల్‌కు సూదితో పొడిచి రెండు విడతలు ద్రావణం పెట్టాను. మెరుపు ముప్పాతిక వంతు పోయింది. కిట్‌లోని రౌండెళ్లలో ఎరుపు లేదు. వెనుక భాగానికి వెండి రంగు పూయను. కుడి రెక్కకు థిన్నర్ కొట్టడానికి ముసురు తగ్గాలని ఎదురుచూస్తున్నాను.