అప్‌డేట్: కింగ్, ఎల్లా బేకర్ ఎక్కడ విడిపోయారు?

అమెరికాలో నల్లజాతివాళ్ల పౌరహక్కుల పోరాటంలో మార్టిన్ లూథర్ కింగ్‌కూ, తెర వెనుక సంఘటనకర్త ఎల్లా బేకర్‌కూ తేడా ఎక్కడొచ్చిందని అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. మీరు చెప్పిన, 1960 ఏప్రిల్‌లో నార్త్ కరోలినాలోని రాలీ నగరంలో జరిగిన విద్యార్థుల సమావేశం గురించి చదివాను. నల్లవాళ్లకు వడ్డించని లంచ్ కౌంటర్ల దగ్గర నిరసనగా బైఠాయించిన విద్యార్థులను కింగ్ నడిపే సంస్థ ఎస్‌సీఎల్‌సీకి యువజన విభాగంగా మార్చాలని కొందరు పెద్దలు చూశారు. అదే సంస్థలో పనిచేస్తున్న బేకర్ ఒప్పుకోలేదు. విద్యార్థుల నిర్ణయాలు విద్యార్థులే తీసుకోవాలన్నారు. అలా విద్యార్థుల సొంత సంస్థ ఎస్ఎన్‌సీసీ (విద్యార్థుల అహింసా సమన్వయ కమిటీ) పుట్టింది.

నన్ను కదిలించింది మాత్రం ఎస్ఎన్‌సీసీ ద్వారా ఉద్యమంలోకి వచ్చిన ఫానీ లూ హేమర్. మిసిసిపీ పత్తి తోటలో పనిచేసే ఆమెను 1962లో ఓటరుగా నమోదుకు వెళ్లినందుకు అక్కడి నుంచి వెళ్లగొట్టారు. 1964లో అట్లాంటిక్ సిటీలో జరిగిన డెమొక్రటిక్ పార్టీ మహాసభలో, మిసిసిపీ తరఫున తెల్లవాళ్లే ఉన్న బృందానికి బదులు తమను కూర్చోబెట్టాలని ఆమె బృందం అడిగింది. రెండు సీట్లతో సరిపెట్టుకోమంటే ససేమిరా అంది. 1963లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన నిరసనల వైపు దేశం చూపు తిప్పగలిగింది కింగే, కాదనను. అయినా ఇలాంటి మనుషులు ముందుకొచ్చే దారి వేసిన బేకర్ వైపే నేను.