రెండు కళ్ళూ దెబ్బతిన్న తమ్ముడికి నా కంటి నుంచి కణాలు ఇవ్వొచ్చా?

వెన్నెల:
తమ్ముడి రెండు కళ్ళలో కాస్టిక్ సోడా పడి ఏడు నెలలైంది. నల్లగుడ్డు మీదకి తెల్లటి పొర, రక్తనాళాలు పాకాయి, వెలుగు తప్ప ఏమీ తెలియట్లేదు. కార్నియా (నల్లగుడ్డు మీదుండే పారదర్శక పొర) మారిస్తే సరిపోతుందనుకున్నాం, డాక్టరేమో ముందు లింబస్ మూలకణాల మార్పిడి చేయాలి, తోబుట్టువులెవరైనా ఇవ్వగలరా అని అడిగారు. నేను సిద్ధమే. కానీ నా చూపుకేమైనా అవుతుందా? నేరుగా కార్నియా ఎందుకు మార్చరు? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

నేత్రమిత్ర:
నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచే లింబస్. కార్నియా పైపొర అరిగి రాలిపోతూ ఉంటుంది, దానికి బదులు కొత్త కణాలు పుట్టేది అక్కడి మూలకణాల నుంచే. కాస్టిక్ సోడా వాటిని చంపేసింది. మామూలుగా మార్చే కార్నియా ముక్కలో ఆ అంచు ఉండదు కాబట్టి ఎంత మంచి కార్నియా పెట్టినా కొన్నాళ్ళకు మళ్ళీ అదే పొర కమ్మేస్తుంది. ఒక్క కన్నే పోయుంటే రెండో కంటి నుంచి తీసేవాళ్ళు, అప్పుడు శరీరం పరాయిదని తిప్పికొట్టే (రిజెక్షన్) భయం ఉండదు. రెండూ పోయినప్పుడు దగ్గరి బంధువులో, చనిపోయినవారి నేత్రదానమో దిక్కు.

అన్నకుచెల్లి:
అక్కా, నేను మా అన్నకిచ్చాను. ముందు నా కళ్ళు పూర్తిగా చూశారు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు, ఇద్దరి కణాలు ఎంతవరకు కలుస్తాయో చూసే హెచ్ఎల్ఏ మ్యాచింగ్ చేశారు. కంటికి మాత్రమే మత్తిచ్చి అంచు నుంచి చిన్న ముక్క తీశారు. కొన్ని రోజులు ఇసుక పడ్డట్టు గరగరలాడింది, చుక్కలు వేసుకున్నాను, చూపు ఎప్పటిలాగే ఉంది. ఏళ్ళ తరబడి కాంటాక్ట్ లెన్సులు వాడి ఉంటే మాత్రం డాక్టరుకు తప్పకుండా చెప్పండి, వాటివల్ల కూడా ఆ అంచు దెబ్బతినొచ్చు.

రెండోచూపు:
తీసుకున్నవాడిగా చెప్తున్నా, అసలు కష్టం ఆపరేషన్ తర్వాతే. లింబస్‌లో రక్తనాళాలుంటాయి కాబట్టి శరీరం దాన్ని పరాయిదని త్వరగా పట్టేస్తుంది. టాక్రోలిమస్ లాంటి ఇమ్యూనిటీ తగ్గించే మందులు ఏళ్ళ తరబడి పడొచ్చు, కిడ్నీ, లివర్, షుగర్, బీపీ చూపించుకుంటూ ఉండాలి. బాగానే ఉంది కదా అని నేను రెండు వారాలు ఆపేశాను, కన్ను ఎర్రబడి చూపు మసకబారింది, తిరిగి దారికి రావడానికి నెలలు పట్టింది. తమ్ముడితో మాత్రలు దగ్గరుండి వేయించండి. ఇంకోటి, రెప్పలు సరిగా మూసుకోకపోయినా, కన్నీరు లేకపోయినా పెట్టిన కణాలు బతకవు, వాటిని ముందే సరిచేస్తారేమో కనుక్కోండి. లోపల మచ్చ మిగిలితే కార్నియా మార్పిడి ఆ తర్వాత, ఎరుపు తగ్గి పైపొర నిలదొక్కుకున్నాక.

వెన్నెల:
తమ్ముడికి రాత్రి రెప్పలు సగమే మూసుకుంటాయి, ఇది డాక్టరుకు చెప్పనే లేదు. రేపే ఫోన్ చేస్తాను.