మగ సీ అర్చిన్‌లో కూడా సొన ప్రొటీనా?

జెల్‌పిచ్చి: సీ అర్చిన్ (ఒంటినిండా ముళ్లుండే సముద్ర జీవి) గోనాడ్, అంటే అండాలో వీర్యమో తయారయ్యే అవయవం, దాని ప్రొటీన్లను సైజు వారీగా విడదీసే జెల్ మీద నడిపాను. ఆడదాంట్లో 170 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) దగ్గర లావుపాటి బ్యాండ్, అంటే గీత వచ్చింది, అది అండంలో చేరే సొన ప్రొటీన్, ఊహించిందే. పక్క లేన్‌లో (జెల్ మీద పక్క వరసలో) మగది. దాంట్లోనూ అంతే లావు! ట్యూబులు తారుమారయ్యాయేమోనని ఇంకోదాన్ని కోసి మళ్లీ చేశాను. అదే వరస. ఎవరికైనా ఇలా వచ్చిందా?

ముళ్లబంతి: వచ్చింది. నేనూ ట్యూబులనే అనుమానించి వారం పోగొట్టుకున్నా. అండాలు, వీర్యం వదిలే సీజన్‌కి ముందు తీసుంటారు, అవునా? అప్పుడు ఆడైనా మగైనా గోనాడ్ నిండా పోషక కణాలే, వాటి నిండా ఈ ప్రొటీనే. మగదాంట్లో వీర్యకణాలు తయారయ్యేకొద్దీ అది ఖర్చయిపోతుంది. ఆడదాంట్లో కొంత అమైనో ఆమ్లాలుగా విడిపోయి అండం తయారీకి పోతుంది, కొంత అలాగే అండంలో సొన రేణువులుగా చేరుతుంది. వీర్యం తెల్లగా కారే దశలో ఉన్న మగదాన్ని నడిపి చూడండి.

రొయ్యలోడు: మా టైగర్ రొయ్యల్లో ఈ గొడవ లేదండీ. తల్లి రొయ్య వీపు వెనక టార్చ్ పెడితే అండాశయం ముదురు ఆకుపచ్చగా కనిపిస్తుంది. సొనకు అంటుకున్న కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్ల వచ్చేది అది. సొనకు ముడిసరుకైన విటెల్లోజెనిన్ అనే ప్రొటీన్ అండాశయంలోనూ, హెపటోపాంక్రియాస్‌లోనూ (రొయ్య జీర్ణగ్రంథి) తయారవుతుంది. మీదీ అదేనా?

ముళ్లబంతి: కాదు. సీ అర్చిన్‌ది ట్రాన్స్‌ఫెరిన్ కుటుంబం, అంటే మన రక్తంలో ఇనుము మోసే ప్రొటీన్‌కి చుట్టం. పేగు గోడలో కూడా తయారై, శరీర కుహర ద్రవంలో తిరుగుతూ జింక్‌ను గోనాడ్‌కి చేరవేస్తుంది. బండీ అదే, సరుకూ అదే. దాన్ని వట్టి సొన అనడం నాకైతే నచ్చదు.

రొయ్యలోడు: సరుకు మాటొస్తే ఒకటి చెప్పాలి. కొత్తలో నాప్లియస్ పిల్లలకు (గుడ్డులోంచి అప్పుడే వచ్చినవి) ఆకలేస్తుందని ఆల్గే (నాచు) పోశాను. నీళ్లు పాడయ్యాయి తప్ప ఒక్కటీ తినలేదు. ఆరు నాప్లియస్ దశలూ సొన మీదే గడుస్తాయి, ఆ తర్వాతి దశ ప్రోటోజోయియా వచ్చాకే నోరు తెరుస్తాయి.

ముళ్లబంతి: అర్చిన్లలో అది జాతిని బట్టి మారుతుంది. హీలియోసిడారిస్ అనే అర్చిన్ల ప్రజాతిలో ఒక జాతి అండం 100 మైక్రాన్లు కూడా ఉండదు, దాని లార్వా (పిల్ల దశ) మేత వెతుక్కోవాలి. ఇంకో జాతి అండం 400 పైనే, దాని లార్వా ఏమీ తినకుండానే రూపం మార్చుకుంటుంది.

జెల్‌పిచ్చి: ఫ్రీజర్‌లో సీజన్ మధ్యలో తీసిన మగది ఒకటి దొరికింది, నిన్న నడిపాను. 170 దగ్గర గీత ఉందో లేదో అన్నట్టుంది. పాత ట్యూబుల మీద 'అనుమానం' అని రాసుకున్నా, చెరిపేస్తున్నా.