దండు పంపు? దండు పంపి?

ఇన్స్‌బ్రుక్ కోడలు: నిన్న ఇంట్లో సెమ్మెల్‌క్నోడెల్ చేశాను. సెమ్మెల్ అంటే బన్ను, క్నోడెల్ అంటే ఉడికించిన ఉండ. నాలుగు రోజుల ఎండు బన్నులు ముక్కలు కోసి, గోరువెచ్చని పాలు, గుడ్లు, వెన్నలో వేయించిన ఉల్లిపాయ, కాస్త జాజికాయ పొడి కలిపి అరగంట నానబెట్టాను. చెయ్యి తడి చేసుకుని ఉండలు కడుతుంటే హారతి పాట నోట్లోకొచ్చింది. "ఓ బొజ్జగణపయ్య నీ బంటు నేనయ్య, ఉండ్రాళ్ళ మీదికి దండు..." పంపు అనా, పంపి అనా?

తెనాలి మాస్టారు: పంపు. బంటునని చెప్పుకున్నాక నన్ను పంపు స్వామీ అంటున్నాడు. "పంపి" అయితే స్వామే అంతా తినేస్తాడు, బంటుకేం మిగిలింది?

గోదారిగట్టు: కింది పాదం చూడండి మాస్టారూ, "తినుచు పొరలుకొనుచు". బొజ్జ ఎవరిది? స్వామిదే. పంపి, తినుచు అంటేనే అన్వయం. మా మామ్మ అలాగే పాడేది.

తెనాలి మాస్టారు: పళ్ళెం తిప్పుతూ సాగదీస్తే పు కూడా పి లాగే వినిపిస్తుంది లెండి.

పాతపుస్తకాలవాడు: పు, పి వదిలేయండి. ఉండ్రాళ్ళకి ఏకవచనం ఉండ్రాయి. ఉండ, రాయి కలిసిందని నా లెక్క.

ఇన్స్‌బ్రుక్ కోడలు: నాకు రాయి కాదండీ, జావ వచ్చింది. నీళ్ళు కళపెళా తెర్లుతుంటే మొదటిది విడిపోయింది. నీళ్ళు కదిలీ కదలనట్టు మంట తగ్గిస్తే మిగతావి పావుగంటకి నిలబడ్డాయి. వీటిని కత్తితో కోస్తే చేసినవాళ్ళకి అవమానమంటారిక్కడ ఆస్ట్రియాలో. ఫోర్కుతో విడదీయాలి. రాయైతే విడుతుందా?

మ్యూనిక్ బాబాయ్: ఒక్క అక్షరం గొడవంటే మా ఊరి హాస్యనటుడు కార్ల్ ఫాలెంటిన్ (1882-1948) గుర్తొచ్చాడు. ఒక్క బన్నుతో చెయ్యరు కదా, కాబట్టి సెమ్మెల్ కాదు, బహువచనంలో సెమ్మెల్న్ అనాలి, మొత్తం సెమ్మెల్న్‌క్నోడెల్న్ అని తన జోడీ నటి లీజల్ కార్ల్‌స్టాట్‌తో ఒక హాస్య సంభాషణలో పంతం పడతాడు.

గోదారిగట్టు: అయితే మనవి మిరపకాయలబజ్జీలు.

తెనాలి మాస్టారు: శ్రీనాథుడికి ఈ బన్నుకుడుములు పెట్టుంటేనా! దావాగ్ని మింగానని నిక్కడం కాదు, బచ్చలాకు కూరతో జొన్నకూడు ఒక్క ముద్ద మింగి చూపించమని కృష్ణుణ్ణే దెప్పినవాడు.

పాతపుస్తకాలవాడు: ఆ చాటువు ఆయనదేనని రుజువేదీ?

తెనాలి మాస్టారు: ఆ ఎత్తిపొడుపు ఇంకెవరికి వస్తుందండీ?

ఇన్స్‌బ్రుక్ కోడలు: ఇంతకీ పంపు అనా, పంపి అనా?

గోదారిగట్టు: అమ్మాయ్, గుడ్డు వెయ్యకపోతే ఆ ఉండలు నిలుస్తాయా?